మిషన్ "పాత గుండెపోటు" అంటోంది, ఆవిడకి ఉన్నది ఊపిరితిత్తుల జబ్బు: ఈ ఈసీజీ ఎలా చదవాలి?

డాక్టర్ గారూ, మిగతావాళ్ళకి కూడా అందేలా మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను. మీది శ్రీకాకుళం తీరంలో పీహెచ్‌సీ. రోగి 58 ఏళ్ళ ఆవిడ. చుట్టని నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ అలవాటు ముప్పై ఏళ్ళుగా ఉంది, ఇంట్లో కట్టెలపొయ్యి. నాలుగేళ్ళుగా దగ్గు, కఫం, ఆయాసం. రెండు నెలల నుంచి కాళ్ళవాపులు. ఛాతీనొప్పి ఎప్పుడూ లేదు. ఆక్సిజన్ పెట్టకుండా చూస్తే ఆక్సీమీటర్ 89 చూపిస్తోంది. ఈసీజీ తీస్తే మిషన్ పైన "పాత యాంటీరోసెప్టల్ ఇన్‌ఫార్క్షన్" అని, అంటే గుండె ముందుగోడకి ఎప్పుడో గుండెపోటు వచ్చిందని కొట్టింది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, స్టాటిన్ లాంటి గుండెపోటు మందులు మొదలుపెట్టి విశాఖ పంపేయాలా అని అడిగారు.

మీరు పెట్టిన ఫొటో జూమ్ చేసి, గళ్ళు (ఒక చిన్న గడి అంటే ఒక మిల్లీమీటర్) లెక్కపెట్టి చూశాను. ఆ కాగితం మీద గుండెపోటు జరిగిందనడానికి గట్టి ఆధారం నాకు కనిపించలేదు. అందులో ఎక్కువ భాగం ఉబ్బిపోయిన ఊపిరితిత్తుల వల్ల వచ్చినదే. కొద్ది భాగం మాత్రం కుడి గుండె నిజంగా ఒత్తిడిలో ఉందని చెప్తోంది. ఈ రెండిటినీ కలిపి "కార్ పల్మొనేల్ (ఊపిరితిత్తుల జబ్బు వల్ల కుడి గుండె దెబ్బతినడం) మార్పులు" అని ఒక్కమాటలో రాసేస్తుంటాం. అక్కడే పొరపాటు పడతాం. వాటిని విడదీసి చూడటం వస్తే ఆవిడకి ఏం చెయ్యాలో కూడా తేలిపోతుంది.

ముందు ఊపిరితిత్తుల సంగతి. ఎంఫిసీమాలో (ఊపిరితిత్తుల్లోని గాలిగదుల గోడలు చెడిపోయే జబ్బులో) గాలి బయటికి పోక ఊపిరితిత్తులు సాగిపోతాయి, డయాఫ్రమ్ కిందికి దిగి బల్లపరుపు అవుతుంది. గుండె దాని మీదే ఆనుకుని ఉంటుంది కాబట్టి అదీ కిందికి దిగి, ఉట్టికి కట్టిన కుండలా నిలువుగా వేలాడుతుంది. కుడి ఏట్రియంని (గుండె కుడి పై గదిని) ఇన్ఫీరియర్ వీనా కేవా (కింది ఒంటినుంచి రక్తం తెచ్చే పెద్ద సిర) కిందికి పట్టి లాగుతుంది. దాంతో పి వేవ్ (పై గదుల కరెంటు గీసే అల) దిశ దాదాపు నిట్టనిలువుగా మారుతుంది. లీడ్ అంటే గుండెని ఒక వైపునుంచి చూసే కన్ను అనుకోండి. లీడ్ 2, లీడ్ 3, ఏవీఎఫ్ మూడూ కిందినుంచి చూసే లీడ్లు కాబట్టి వాటిలో పి పొడుగ్గా, మొనదేలి లేస్తుంది. లీడ్ 1 అడ్డంగా చూసేది. నిలువుగా పోయే కరెంటు దానికి కనపడదు కాబట్టి అక్కడ పి చదునైపోతుంది. ఏవీఎల్‌లో తలకిందులవుతుంది.

మీ ఈసీజీలో లీడ్ 1 ఒక్కసారి చూడండి. పి లేనట్టే ఉంది, క్యూఆర్ఎస్ (కింది గదుల కరెంటు గీసే ముళ్ళ గీత) మొత్తం ఒక గడి దాటలేదు, టీ వేవ్ (కింది గదులు తిరిగి సర్దుకునే అల) గీతకి అంటుకుపోయింది. మొత్తం లీడే చచ్చుబడినట్టు ఉంది. దీన్నే లీడ్ 1 సైన్ అంటారు. పి చదునుగా, క్యూఆర్ఎస్ 1.5 మిల్లీమీటర్ల లోపు, టీ అర మిల్లీమీటర్ లోపు ఉంటే అన్నమాట. నేను ఏ ఈసీజీ చూసినా కళ్ళు ముందు అక్కడికే పోతాయి. ఆయాసంతో వచ్చిన మనిషికి లీడ్ 1 ఇలా ఉంటే స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి చూసే ఊపిరి పరీక్ష) చేసే లోపే ఊపిరితిత్తుల జబ్బు అనుకుని మొదలుపెట్టొచ్చు. అయితే ఇది గుండె దిశ మారిందని చెప్పే గుర్తు మాత్రమే. కుడి వెంట్రికల్ (గుండె కుడి కింది గది) లావెక్కిందని దీనర్థం కాదు.

గాలికి విద్యుత్తు సరిగా ప్రసరించదు. గుండెకీ ఎలక్ట్రోడ్‌కీ మధ్య అంత గాలి నిండిన ఊపిరితిత్తి అడ్డం ఉంటే వోల్టేజి తగ్గుతుంది. నోటికి దిండు అడ్డం పెట్టుకుని మాట్లాడితే గొంతు వినపడనట్టే. అందుకే ఛాతీ ఎడమపక్క లీడ్లయిన వీ5, వీ6లో ఆర్ వేవ్ (క్యూఆర్ఎస్‌లో పైకి లేచే ముల్లు) ఐదు గళ్ళు కూడా ఉండదు. మీ కాగితంలో వీ6లో నాలుగే ఉంది.

ఇక మిషన్‌ని తప్పుదారి పట్టించిన విషయం. గుండె కిందికి దిగింది, కానీ మనం ఎలక్ట్రోడ్లు పెట్టేది మామూలు చోటే. వీ1, వీ2, వీ3 ఇప్పుడు గుండెకి ఎదురుగా కాకుండా పైనుంచి చూస్తున్నాయి. కరెంటు వాటినుంచి దూరంగా పోతుంది కాబట్టి ఆర్ వేవ్ చిన్నదైపోతుంది, ఒక్కోసారి మాయమై క్యూఎస్‌లా (పైకి లేవకుండా కిందికే దిగే గీతలా) కనిపిస్తుంది. మిషన్‌కి తెలిసింది ఒకటే: వీ1 నుంచి వీ3 వరకు ఆర్ లేకపోతే పాత గుండెపోటు. ఎదురుగా ఉన్న మనిషి ఛాతీ పీపాలా ఉందని దానికి కనపడదు, మీకు కనపడుతుంది.

దీన్ని తేల్చుకోవడానికి మీ పీహెచ్‌సీలోనే, పైసా ఖర్చు లేకుండా చేసే పరీక్ష ఉంది. మామూలుగా ఒకటి తీశాక, వీ1 నుంచి వీ6 వరకు అన్నిటినీ ఒక పక్కటెముకల సందు కిందికి జరిపి ఇంకొకటి తియ్యండి. గుండె కిందికి దిగడం వల్లే ఆర్ పోయి ఉంటే, కిందికి జరపగానే వీ2, వీ3లో బుజ్జి ఆర్ తిరిగి వస్తుంది. నిజంగా కండరం చచ్చి ఉంటే సాధారణంగా రాదు. నూటికి నూరుపాళ్ళు నమ్మదగ్గదని అనను. కానీ ఇది, నొప్పి చరిత్ర లేకపోవడం, పి నిలువుగా ఉండటం, వీ6లో వోల్టేజి తక్కువ ఉండటం కలిసి వస్తే గుండెపోటు ముద్ర వెయ్యడానికి నాకు చెయ్యి రాదు.

ఈ ముద్ర గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను కోర్సు పూర్తిచేసిన కొత్తలో ఇలాంటి ఆవిడే ఒకరు నా దగ్గరికి వచ్చారు. అంతకు మూడేళ్ళ ముందు ఎక్కడో ఇలాగే మిషన్ ప్రింటు చూసి పాత గుండెపోటు అని రాశారు. అప్పటినుంచి ప్రొప్రనోలాల్ (శ్వాసనాళాల్ని కూడా బిగించే బీటా బ్లాకర్ గుండె మందు) మింగుతూనే ఉంది. పిల్లికూతలు తగ్గడం లేదని ఊరూరా తిరిగింది. సంచిలో మందుల చీటీలు ఇంత దొంతర. ఒక్కదానిలోనూ ఇన్‌హేలర్ లేదు. ఎకో చేయిస్తే ఎడమ గుండె గోడ అంతా చక్కగా కదులుతోంది. ఆ మాత్ర ఆపి, ఇన్‌హేలర్ ఎలా పీల్చాలో పక్కన కూర్చుని నేర్పాక, నెలరోజులకి ఆగకుండా మెట్లెక్కి వచ్చింది. గుండెకి బీటా బ్లాకర్ తప్పనిసరైతే బైసోప్రోలాల్, మెటోప్రోలాల్ లాంటివి ఈ జబ్బులోనూ ఇవ్వొచ్చు, దానికి నేను వ్యతిరేకిని కాను. నా బాధల్లా లేని జబ్బుకి మందు వేసి, ఉన్న జబ్బుని వదిలెయ్యడం గురించే.

ఎలక్ట్రోడ్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి. చాలాచోట్ల వీ1, వీ2 చాలా పైన, రెండో సందులో పెట్టేస్తారు. అలా పెట్టినా ఆర్ చిన్నదవుతుంది, వీ1లో పి కిందికి తిరుగుతుంది, లేని రైట్ బండిల్ బ్లాకు (కుడి వెంట్రికల్‌కి కరెంటు ఆలస్యంగా చేరడం) కనిపిస్తుంది. గొంతు గుంట నుంచి వేలు కిందికి జారిస్తే రొమ్ము ఎముక మీద చిన్న గట్టులా తగులుతుంది. దాని పక్కనున్నది రెండో పక్కటెముక, దాని కింద రెండో సందు. అక్కడినుంచి రెండు సందులు దిగితే నాలుగోది. ఈసీజీ తీసే అమ్మాయికో అబ్బాయికో ఒక్కసారి మీరే చేత్తో చూపించండి. అలాగే లీడ్ 1 అంతా తలకిందులై, ఏవీఆర్ నిటారుగా లేస్తే కుడి యాక్సిస్ (గుండె కరెంటు మొత్తం దిశ కుడికి తిరగడం) అని మురిసిపోకండి, చేతుల వైర్లు అటూ ఇటూ అయి ఉంటాయి.

ఇప్పుడు రెండో పొర, కుడి గుండె మీద నిజమైన భారం.

ఊపిరితిత్తిలో ఎక్కడ ఆక్సిజన్ తగ్గితే అక్కడి రక్తనాళం ముడుచుకుంటుంది. 1946లో స్వీడన్‌లో ఫాన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ అనే ఇద్దరు చూపించిన విషయం ఇది. ఒక మూల చెడితే రక్తాన్ని మంచి మూలకి మళ్ళించడానికి ఇది మంచి ఏర్పాటే. మొత్తం ఊపిరితిత్తులన్నిట్లోనూ ఆక్సిజన్ తగ్గితే అన్ని నాళాలూ ముడుచుకుంటాయి, ఏళ్ళు గడిచేకొద్దీ వాటి గోడలు మందమవుతాయి, ఎంఫిసీమా కొన్నిటిని తినేస్తుంది. ఆ బిగుసుకున్న గొట్టాల్లోకి రక్తాన్ని తొయ్యాల్సింది కుడి వెంట్రికల్. మూడు నాలుగు మిల్లీమీటర్ల పల్చటి గోడ దానిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం 1960ల మొదట్లో కార్ పల్మొనేల్‌ని నిర్వచించినప్పుడు, ఊపిరితిత్తుల జబ్బు వల్ల ఆ గోడ మందమవడాన్నే గీటురాయిగా తీసుకుంది.

ఆ రోజుల్లోనే, 1959లో, ఢిల్లీలో డాక్టర్ ఎస్. పద్మావతి 127 మంది కార్ పల్మొనేల్ రోగుల గురించి రాశారు. వంటింటి పొగ ఆడవాళ్ళ గుండెదాకా వస్తోందని మన దేశంలో మొదట గుర్తించినవాళ్ళలో ఆవిడ ఒకరు. మీ రోగిని చూస్తే నాకు ఆ పరిశోధనే గుర్తొచ్చింది.

పుస్తకంలో కుడి వెంట్రికల్ లావెక్కితే వీ1లో ఆర్ ఎత్తుగా, ఏడు గళ్ళు దాటి, ఎస్ (ఆర్ తర్వాత కిందికి దిగే గీత) కన్నా పెద్దగా ఉంటుందని చదివాం. సీఓపీడీలో (పొగ వల్ల శ్వాసనాళాలు బిగిసిపోయే, ఆవిడకున్న ఈ ఊపిరితిత్తుల జబ్బులో) అది చాలా అరుదు. ఎడమ వెంట్రికల్ కండరం బరువు కుడిదానికి రెండు మూడు రెట్లు ఉంటుంది. దాని కరెంటుని మించి కనిపించాలంటే కుడిది విపరీతంగా పెరగాలి. సీఓపీడీలో పల్మనరీ ప్రెషర్ (ఊపిరితిత్తుల నాళాల్లో ఒత్తిడి) పెరిగినా చాలామందిలో కొద్దిగానే, నెమ్మదిగా పెరుగుతుంది. పైగా మధ్యలో గాలి అడ్డం. అందుకే వీ1లో పొడుగాటి ఆర్ కోసం ఎదురుచూస్తే చాలా కేసులు జారిపోతాయి. ఒకవేళ ఈ జబ్బులో వీ1లో అంత ఆర్, దానికి ముందు చిన్న క్యూ కూడా కనిపిస్తే, "ఇది ఒట్టి సీఓపీడీ కాదేమో" అని అనుమానించండి. ఊపిరితిత్తుల్లో పాత రక్తపు గడ్డలు, పుట్టుకతో గుండెలో రంధ్రం, నిద్రలో ఊపిరి ఆగడం, టీబీ తినేసిన ఊపిరితిత్తి, ఇవన్నీ వెతకాలి. మన ప్రాంతంలో ఆ చివరిది ఎంతమందిలో ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

సీఓపీడీలో కుడి గుండె గుర్తులు ఎక్కువగా ఇంకో రూపంలో కనిపిస్తాయి. వీ1 నుంచి వీ6 దాకా ఎస్ వదలదు, వీ6లో కూడా ఆర్ కన్నా ఎస్ లోతుగా ఉంటుంది. యాక్సిస్ 110 డిగ్రీలు దాటుతుంది. లేదా లీడ్ 1, 2, 3 మూడింట్లోనూ ఎస్ కనిపిస్తుంది. ఈ ఎస్1 ఎస్2 ఎస్3 రూపాన్నీ, పి వేవ్ యాక్సిస్ 90 డిగ్రీలకి చేరడాన్నీ తేలిగ్గా తీసుకోకండి. ఇవి ఉన్న సీఓపీడీ రోగుల ఆయుష్షు తక్కువగా ఉందని 1999లో ఇటలీ వైద్యులు ప్రచురించారు.

వీటన్నిటికన్నా నేను ఎక్కువ విలువిచ్చేది మార్పుకి. ఆయాసం ముదిరి ఆక్సిజన్ 85 కిందికి పడిపోయినప్పుడు యాక్సిస్ మామూలుకన్నా 30 డిగ్రీలో ఇంకా ఎక్కువో కుడికి తిరగడం, వీ1 నుంచి వీ3 వరకు టీ వేవ్‌లు తలకిందులవడం, లీడ్ 2, 3, ఏవీఎఫ్‌లో ఎస్టీ (క్యూఆర్ఎస్‌కీ టీకీ మధ్య గీత) కుంగడం, కొత్తగా రైట్ బండిల్ బ్లాకు రావడం, ఆక్సిజన్ సర్దుకున్నాక ఇవన్నీ వెనక్కి పోవడం 1970లోనే రాసిపెట్టారు. ఒక్క ఈసీజీ చూస్తే ఇవేవీ తెలియవు. రెండు పక్కపక్కన పెడితే చిన్నపిల్లాడికైనా కనిపిస్తాయి.

మీ కాగితంలో వీ1, వీ2, వీ3లో టీ తలకిందులుగా ఉంది, లీడ్ 3లో కూడా. యాక్సిస్ నా లెక్కలో 110 దగ్గర. వీ6లో ఆర్ నాలుగు గళ్ళు, ఎస్ ఆరు. ఊపిరితిత్తులు ఉబ్బినంత మాత్రాన ఇన్ని రావు. కాళ్ళవాపులూ ఉన్నాయి. కుడి గుండె మీద భారం ఉందనే నా అభిప్రాయం. వీ1, లీడ్ 3 రెండిట్లోనూ టీ తిరగబడితే ఎడమ కరోనరీ కన్నా కుడి గుండె వైపు ఆలోచించడం మంచిది.

ఎస్టీ గురించి ఒక జాగ్రత్త. పి అంత పెద్దగా లేచినప్పుడు ఏట్రియం తిరిగి సర్దుకునే అల కూడా పెద్దదై, పీఆర్ భాగాన్నీ (పి నుంచి క్యూఆర్ఎస్ దాకా ఉండే గీతనీ) దాని వెంట ఎస్టీ మొదలునీ కిందికి గుంజుతుంది. లీడ్ 2లో ఎస్టీ కుంగింది, ఇస్కీమియా (గుండె కండరానికి రక్తం చాలకపోవడం) అని కంగారుపడేముందు పీఆర్ భాగం కూడా అదే వాలులో ఉందేమో చూడండి.

అలాగని అంతా ఊపిరితిత్తుల మీదకి నెట్టెయ్యమని కాదు. పొగ గుండె నాళాల్నీ వదలదు. ఈ రోగుల్లో గుండెపోట్లు నిజంగానే ఎక్కువ. ఆవిడకి నొప్పి ఉన్నా, చెమటలు పట్టినా, ఒక్కసారిగా ఆయాసం పెరిగినా ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే పదార్థం) పరీక్ష చేయించాలి, అరగంట గంటలో ఈసీజీ మళ్ళీ తియ్యాలి. ఆయాసం ముదిరినప్పుడు ట్రోపోనిన్ కొంచెం పెరగడం మామూలే కాబట్టి రెండోసారి చేసి పెరుగుతోందా లేదా అన్నదే చూడండి. జ్వరం, కఫం రంగు మారడం ఏమీ లేకుండా హఠాత్తుగా కుడి గుండె గుర్తులు కొత్తగా వస్తే, ఒక కాలే వాచి ఉంటే, ఊపిరితిత్తుల్లోకి గడ్డ కొట్టిందేమో అనుకోండి. లీడ్ 1లో ఎస్, లీడ్ 3లో క్యూ, తలకిందులైన టీ అనే రూపాన్ని 1935లో మెక్‌గిన్, వైట్ రాసింది ఆ హఠాత్తు పరిస్థితి గురించే. అది లేనంత మాత్రాన గడ్డ లేనట్టు కాదు, గుండె వేగం పెరగడం ఒక్కటే కనిపించేవాళ్ళు చాలామంది.

రిథమ్ కూడా చూసుకోండి. నాడి గజిబిజిగా, నిమిషానికి వంద దాటి కొట్టుకుంటుంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని రాసేముందు పి వేవ్‌లు వెతకండి. మూడు నాలుగు రకాల పి వేవ్‌లు కనిపిస్తే అది మల్టీఫోకల్ ఏట్రియల్ టాకీకార్డియా. దానికి గుండె వేగం తగ్గించడానికి ఇచ్చే డిజాక్సిన్ పనిచెయ్యదు, హాని చేస్తుంది. ఆక్సిజన్ సరిచెయ్యాలి, పొటాషియం, మెగ్నీషియం చూడాలి, మన ఊళ్ళలో ఆయాసం అనగానే పొడిచే థియోఫిలిన్ ఇంజెక్షన్లు ఆపాలి.

ఇక ఆవిడకి ఏం చెయ్యాలో. విశాఖ పంపండి. కానీ చీటీ మీద "పాత గుండెపోటు" అని రాయకండి. "సీఓపీడీ, కుడి గుండె మీద భారం అనుమానం, ఎకో, స్పైరోమెట్రీ, ఎక్స్‌రే కోరుతున్నాం" అని రాయండి. క్లోపిడోగ్రెల్ ఇప్పుడు వద్దు. మెడ నరం ఉబ్బు, లివర్ చూసి నోట్ చెయ్యండి. వాపుకి ఫ్రూసెమైడ్ కొద్ది మోతాదులో చాలు. నీరు మరీ లాగేస్తే కుడి గుండెకి చేరే రక్తమే తగ్గి బీపీ పడిపోతుంది. ఆయాసం పెరిగి ఆక్సిజన్ పెట్టాల్సి వస్తే 88 నుంచి 92 మధ్య ఉంచండి, వందకి తేవాలని ప్రయత్నించొద్దు. ఎకోలో ప్రెషర్ ఎక్కువ రాగానే సిల్డెనాఫిల్ (ఊపిరితిత్తుల నాళాల్ని వదులు చేసే మందు) మొదలుపెట్టేవాళ్ళు ఉన్నారు. సీఓపీడీలో అది అందరికీ ఇచ్చే మందు కాదు. గాలి అందని భాగాలకి రక్తం పంపి ఆక్సిజన్‌ని ఇంకా దించే ప్రమాదం ఉంది. ఉబ్బిన ఛాతీలో ఎకో బొమ్మ సరిగా పడదు, ప్రెషర్ అంకె ఒక్కటే పట్టుకోకుండా కుడి వెంట్రికల్ సైజు, కదలిక గురించి కూడా అడగండి.

ఆవిడ ఆక్సిజన్ 89, లీడ్ 2లో పి ఎత్తు మూడున్నర గళ్ళు. ఈ రెండు అంకెలూ కలిస్తే పెద్ద నిర్ణయమే ఉంది. ఇంట్లో రోజుకి పదిహేను గంటలకి తగ్గకుండా ఆక్సిజన్ పెడితే తీవ్రంగా ఆక్సిజన్ తగ్గిన సీఓపీడీ రోగులు ఎక్కువకాలం బతుకుతారని 1980లో అమెరికాలో, 1981లో బ్రిటన్‌లో జరిగిన పరిశోధనల్లో తేలింది. మామూలుగా శాచురేషన్ 88 లేదా అంతకన్నా తక్కువ ఉంటేనే ఇస్తాం. 89 దగ్గర ఆగినవాళ్ళకి కూడా కాళ్ళవాపులో, లీడ్ 2, 3, ఏవీఎఫ్‌లో మూడు మిల్లీమీటర్లు దాటిన పి వేవో, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 55 దాటడమో ఉంటే ఇవ్వొచ్చు. అంటే అందరూ చూసీ చూడనట్టు వదిలేసే ఆ మొనదేలిన పి ఆవిడకి ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ (గాలినుంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషన్) రాయడానికి ఒక కారణం అవుతుంది. అయితే ఆయాసం ముదిరిన రోజుల్లో చూసిన అంకె మీద జీవితాంతం రాసెయ్యకూడదు. మందులు సరిగా వాడి, నిలకడగా ఉన్నాక, రెండు మూడు నెలలకి రక్తంలో ఆక్సిజన్ మళ్ళీ చూసి ఖాయం చెయ్యాలి. కాన్సెంట్రేటర్ ఉన్న గదిలో చుట్ట వెలిగిస్తే ఒళ్ళు కాలుతుంది. ఆ మాట ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పండి. కట్టెలపొయ్యి కూడా ఆ గదికి దూరంగా మార్పించండి.

ఒక్క పని మాత్రం రేపే చెయ్యండి. ఆ వయసు వాళ్ళకి చాలామందికి కంటి శుక్లాల ఆపరేషన్ అయి ఉంటుంది, దానికి ముందు ఈసీజీ తీసే ఉంటారు. ఇంట్లో ట్రంకుపెట్టె వెతికించండి. దొరికితే టీ వేవ్‌లు అప్పుడు ఎలా ఉన్నాయో చూసి ఫొటో ఇక్కడ పెట్టండి. కొత్తవి రెండు తియ్యండి, ఒకటి మామూలు చోట, ఒకటి ఒక సందు కింద. ప్రతిదాని మీదా తేదీ, అప్పటి ఆక్సిజన్ శాతం, ఎలక్ట్రోడ్లు ఎక్కడ పెట్టారో పెన్నుతో రాసి, జిరాక్స్ తీసి ఆవిడ చేతికివ్వండి. లామినేషన్ మాత్రం చేయించొద్దని చెప్పండి. పాపం జాగ్రత్త అనుకుని చేయిస్తారు, వేడికి ఆ కాగితం మొత్తం నల్లబడిపోతుంది.